నడిచే గోడలు

ఆఫీసులో ఆమెను అందరూ చక్రాలమ్మ అనేవారు. ఆమె ఆర్కిటెక్టు. ఏ ఇల్లు గీసినా ఎక్కడో ఒకచోట చక్రాలు పెట్టకుండా ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. "ఈవిడ కట్టిన ఇల్లు ఏదో ఒకరోజు వీధిలోకి షికారు బయల్దేరుతుంది చూడండి" అని పెద్ద సారు నవ్వేవాడు.

ఆ పిచ్చి ఊరికే పట్టలేదు. ఆమె పెరిగింది ఒంటిగది ఇంట్లో. అమ్మానాన్నా, పిన్నీ, నలుగురు పిల్లలూ. పొద్దున్నే మంచాలు ఎత్తి గోడకి నిలబెడితే అది హాలు, చాప పరిస్తే భోజనాల గది, అడ్డంగా దుప్పటి కడితే పిన్ని చదువుకునే గది. తమది చిన్న ఇల్లని ఆమెకు ఎన్నడూ తోచలేదు. పైగా స్నేహితురాళ్ల ఇళ్లలో వాడకుండా తాళం వేసిన గదులు చూసి, అయ్యో పాపం అనుకునేది.

అందుకే పెళ్లయి సొంత ఫ్లాటు అమరగానే, బరువు మోయని లోపలి గోడలన్నీ కొట్టించేసింది. వాటి బదులు చక్రాల మీద నడిచే చెక్క గోడలు రెండు చేయించింది. ఒక్కోటీ బీరువా అంత మందం. లోపల అరలు, బట్టలు, మడిచిపెట్టే మంచం. కింద మీట తొక్కితే చక్రాలు వదులవుతాయి, మళ్లీ తొక్కితే బిగుస్తాయి.

కళ్లద్దాల దుకాణం నడిపే భర్త భేషుగ్గా ఉందన్నాడు. ఆయనకు అన్నీ భేషుగ్గానే ఉంటాయి. మింగుడు పడనిది అత్తగారికే.

"గోడంటే మనిషి ఆనుకోవడానికి గానీ, మనతో పాటు నడవడమేంటమ్మాయ్?"

"మీట బిగిస్తే ఎద్దు వచ్చి గుద్దినా కదలదు అత్తయ్యా."

"ఎద్దుని కూడా తెస్తావా? ఉన్న మనకే చోటు చాలడం లేదు!"

అలా గొణుగుతూనే ఆవిడ తన వాటా గదిలో సర్దుకుంది.

కొన్నాళ్లకు ఇంట్లో ఒక వింత మొదలైంది. భోజనాల బల్ల దగ్గర భర్త కుర్చీ గోడకి తగలసాగింది. తర్వాత ఆయన కడుపు లోపలికి పీల్చుకుంటే తప్ప కూర్చోలేని పరిస్థితి వచ్చింది. "నేను లావయ్యానేమో" అని పాపం ఆయన రాత్రి భోజనం తగ్గించాడు.

చక్రాలమ్మకు గుండెలో రాయి పడింది. నేల వాలుగా ఉండి గోడ దానంతటదే జారుతోందేమోనని, ఒక గాజుగోళీ కింద పెట్టి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గోళీ కదల్లేదు. వడ్రంగిని పిలిపించింది. అతను మీటలు తొక్కి చూసి, "గోడ తప్పేం లేదమ్మా. ఎవరో తోస్తున్నారు" అన్నాడు.

"ఎవరు తోస్తారు? మా ఆయన తన ముందున్న గ్లాసు కూడా జరపడు!"

ఇంతలో ఒక జంట కొత్త ఇల్లు కట్టించుకోవాలని ఆఫీసుకు వచ్చింది. నడిచే గోడలు కళ్లారా చూస్తామన్నారు. ఆమె లోలోపల బిక్కుబిక్కుమంటూనే మధ్యాహ్నం వాళ్లని తన ఫ్లాటుకు వెంటబెట్టుకొచ్చి తలుపు తీసింది.

లోపల గదుల్లేవు. గోడలు రెండూ వెళ్లి కిటికీల పక్కన బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఇల్లంతా ఒకటే మైదానం. నట్టనడుమ క్యారమ్స్ బోర్డు, చుట్టూ నలుగురు ఆడవాళ్లు. చీర చెంగు బొడ్లో దోపుకుని, ఒక కన్ను మూసి గురి చూస్తున్న మనిషి సాక్షాత్తూ అత్తగారే.

"అత్తయ్యా!"

"ఉండమ్మాయ్. రెడ్ పడేదాకా పలకరించకు."

రెడ్ పడింది. ఎదురుగా ఉన్న పైఅంతస్తు ఆవిడ నెత్తి కొట్టుకుంది. వచ్చిన జంటలోని ఆవిడ నోరు తెరిచి, "ఈ గోడలు మీరే తోశారా పెద్దమ్మగారూ?" అంది.

"మరి? ఇలా మీట తొక్కి, ఇలా భుజం ఆనిస్తే చాలు." అత్తగారు ఒక గోడను ఊపుగా అటూ ఇటూ నడిపించి చూపించింది. "సాయంత్రం మళ్లీ యథాస్థానంలో పెట్టేస్తాం. గుర్తుండక కాస్త అటూ ఇటూ అవుతుందనుకోండి."

ఆ కాస్త అంతా అత్తగారి గదివైపే ఎందుకు కలిసొచ్చిందో ఎవరూ అడగలేదు. వచ్చిన జంట అక్కడే కూర్చుని ఒక ఆట ఆడి, తమకూ ఇలాంటి గోడలే కావాలని చెప్పి వెళ్లారు.

వాళ్లు వెళ్లాక కోడలికి కోపం వచ్చిందో నవ్వొచ్చిందో ఆమెకే తెలియలేదు.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా అత్తయ్యా. నేల వంకరేమోనని నిద్ర మానేశాను."

"ఎలా చెప్పను? నేను వద్దని రచ్చ చేసిన గోడలాయె. బాగున్నాయని మళ్లీ నా నోటితోనే అనాలా?"

కోడలు పకపకా నవ్వేసింది. మర్నాడు నేల మీద రంగు టేపుతో గీతలు అంటించింది. మధ్యాహ్నం గీత ఒకటి, రాత్రి గీత ఒకటి. భర్త మళ్లీ కడుపునిండా తినసాగాడు. ఆటకి మనిషి తక్కువైన సెలవురోజున కోడలు కూడా కూర్చుంటోంది. ఎప్పుడూ ఓడిపోతుంది.

మొన్న ఆట మధ్యలో అత్తగారు చుట్టూ కలియజూసి, "ఆ స్నానాలగది గోడ సంగతేంటమ్మాయ్?" అంది.

"అది ఇటుక గోడ అత్తయ్యా."

"అదే అడుగుతున్నా. ఎందుకూ ఇటుక?"