బాపు దించని బొగ్గు

జనగామ కాలేజీలో రియాక్టర్ల పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు కార్బన్ మీద కోపం వచ్చేది. మూలకం మీద కోపమేంటని మీరు నవ్వుకోవచ్చు. యురేనియం చీలినప్పుడు వెలువడే న్యూట్రాన్లు మహా వేగంగా పోతుంటాయి. ఆ వేగంలో అవి పక్కనున్న యురేనియానికి చాలావరకు చిక్కవు. అందుకే కొన్ని రియాక్టర్లలో మామూలు నీళ్లు, కొన్నిటిలో భారజలం, కొన్నిటిలో గ్రాఫైట్ దిమ్మెలు పెడతారు. గ్రాఫైట్ అంటే కార్బనే. దాని కేంద్రకాలను ఢీకొని ఢీకొని న్యూట్రాన్ నెమ్మదిస్తుంది. అప్పుడు యురేనియం దాన్ని పట్టుకుంటుంది. నెమ్మదించింది కనుకనే దొరికిపోయింది అని చెప్పేటప్పటికి నాకు మా బాపే గుర్తొచ్చేవాడు.

మాది గూడూరు దగ్గర అడవి అంచు పల్లె. సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. మా బాపు అడవిలో బొగ్గు కాల్చి మానుకోట కమ్మరులకు అమ్మేవాడు. బట్టీలోంచి కొత్తగా తీసిన బొగ్గు చల్లారినట్టే కనబడుతుంది గానీ, లోపలెక్కడో నిప్పు మిగిలే ఉంటుంది. గాలి తగిలితే రాజుకుంటుంది. అందుకే ఎండాకాలం ఆ గంపను రాలిన ఆకుల మీద దించరు. దించితే బండ మీదో, ఇసుకలోనో.

దళానికి అన్నం మోస్తున్నారని అడవిలో కనబడిన ప్రతివాడినీ సిపాయిలు పట్టుకుపోతున్న ఎండాకాలమది. బాపు నిజంగానే మోసేవాడు. ఒక పొద్దున ఆయనా, ఆయన తమ్ముడు మా చిన్నాయనా బట్టీ నుంచి వస్తుంటే వెనక నుంచి కేకలు వినబడ్డాయి. చిన్నాయన చేతిలో ఒట్టి గొడ్డలి. బాపు నెత్తిన నిండు గంప.

చిన్నాయన ఒక్కడే ఇల్లు చేరి, గోడకు చేరగిలబడి చెప్పాడు.

“‘గంప ఇసిరేసి ఉరుకు అన్నా’ అన్న నేను. ‘అంత ఎండాకే ఉన్నదిరా, ఊరు దాక అంటుకుంటది. నువ్వు ఉరుకు, వాగుల పోసి నేనొస్త’ అన్నడు.”

నిండు గంపతో పరుగెత్తడం ఎవరి వల్లా కాదు. బాపు నడుచుకుంటూనే వాగు చేరాడు, అక్కడే దొరికిపోయాడు. ఆయన్ని ఎక్కడికి తీసుకుపోయారో ఈనాటికీ మాకు తెలియదు.

మర్నాడు మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాగుకు పోయింది. బొగ్గంతా తడి ఇసుకలో పలచగా పరిచి ఉంది. ఒక్క ముక్క కూడా గట్టు మీద పడలేదు. చుట్టూ అడవి ఎప్పటిలాగే నిలబడి ఉంది. అమ్మ ఆ చెట్ల వైపు తిరిగి గుండెలు బాదుకుంది.

“గీ అడివి కాలితె కాలనియ్యకపోతివి! గంప ఇసిరేసి ఉరుకకపోతివి!”