కడిగితే పోని నలుపు

మా తమ్ముడు ముప్పై ఏళ్లుగా బేకరీలో పిండి పిసుకుతున్నాడు. అక్కడి రొట్టె మెత్తగా ఉందంటే వాడి పిడికిలి పుణ్యమే. రోజుకు మూడొందల గుడ్లు పగలగొడతాడు, ఒక్కటి తినడు. వాసన గిట్టదట. మాంసం ముట్టడు, పాలు పడవు. నల్ల టీలో రొట్టెముక్క ముంచుకుంటే భోజనమైపోయినట్టే.

నేను తిడితే, "ఈ వయసులో ఇంకేం పెరగాలక్కా?" అంటాడు.

ఏదీ పెరగలేదు గానీ వేళ్ల కణుపులు నల్లబడ్డాయి. అరచేతి గీతలు బొగ్గుతో గీసినట్టయ్యాయి.

బేకరీ యజమానికి శుభ్రమంటే మహా పట్టింపు. పొద్దున్నే పనివాళ్లను బడిపిల్లల్లా నిలబెట్టి చేతులు చూస్తాడు. ఆ తర్వాత గల్లా దగ్గర కూర్చుని, వేలు నాలుకకు అద్దుకుని రొట్టెల సంచులు విప్పుతాడు. ఆ వేలికి తనిఖీ లేదు.

"ఈ మకిలేంట్రా?"

"ఐదుసార్లు కడిగానయ్యా."

"కడిగితే పోదా?"

తనే ఒక సబ్బు కొనిచ్చాడు. తమ్ముడు సబ్బుతో, నిమ్మచెక్కతో, చివరికి గిన్నెలు తోమే పీచుతో కూడా రుద్దాడు. తోలు ఊడింది గానీ నలుపు ఊడలేదు. నెలాఖరుకు చేతులు బాగుపడకపోతే పనిలోకి రావద్దన్నాడు యజమాని. వాడికా, పిండి తప్ప వేరే పని రాదు.

ఒకరోజు రొట్టె కొనడానికొచ్చిన ఆస్పత్రి నర్సమ్మ వాడి చేతులు చూసింది.

"అన్నా, ఏదీ, నాలుక చాపు."

చాపాడు. ఎర్రగా, నున్నగా ఉంది.

"కొనేవాళ్లకు నాలుక చూపిస్తావేంట్రా?" అని యజమాని లేచాడు.

"నేనే అడిగాను, కూర్చోండి. కాళ్లు తిమ్మిర్లెక్కుతాయా అన్నా?"

"నిలబడే పని కదమ్మా, ఎక్కుతాయి."

"ఇది మురికి కాదు. బీ ట్వెల్వ్ విటమిన్ తక్కువైనా కణుపులు ఇలా నల్లబడతాయి. వేరే కారణాలూ ఉండొచ్చు. రేపు ఆస్పత్రికొచ్చి రక్తం ఇవ్వు."

రక్తపరీక్షలో ఆమె అన్నదే తేలింది. డాక్టరు సూదిమందు మొదలుపెట్టి చీటీ రాసిచ్చాడు. అది చూసి యజమాని, చేతులకు తొడుగులు వేసుకోమని మూడు నెలలు గడువిచ్చాడు. ముందు తిమ్మిర్లు తగ్గాయి. మూడో నెలకు కణుపులు మామూలు రంగుకొచ్చాయి. తమ్ముడు తొడుగులు తీసి పిండిలో చేతులు పెట్టాడు.

"చూశారా, నా సబ్బు మహిమ," అంటున్నాడు యజమాని వచ్చినవాళ్లందరితో. తమ్ముడు మెతక, వింటూ పిండి పిసుకుతుంటాడు.

మొన్న నేనే రొట్టెకు వెళ్లాను. యజమాని సంచి తీసి, వేలు నాలుక దాకా తెచ్చాడు.

"బాబూ," అన్నాను, "ఆ సబ్బు ఇంకా మిగిలిందా?"