కుట్లు మానాయి, రిపోర్ట్ మరిచాను

ఆ రోజు తొలి ఏకాదశి. పేలాల పిండి రెండు ముద్దలు తిన్నానో లేదో, కుడి డొక్కలో నొప్పి మొదలై భుజం దాకా పాకింది. గ్యాస్ అనుకుని వాము నమిలాను. రజాకార్ల కాలంలో శేరిలింగంపల్లిలో పుట్టినదాన్ని. మా ఇంట్లో ఏ కడుపునొప్పికైనా మొదటి మందు వామే.

మూడోసారి నొప్పితో పాటు వాంతులు కూడా అయ్యేసరికి, మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మా కోడలు సునీత సెలవు పెట్టి దవాఖానకు తీసుకెళ్లింది. అల్ట్రాసౌండ్‌లో గాల్‌బ్లాడర్ నిండా రాళ్లు. "ల్యాప్రోస్కోపీ చేద్దామండి. నాలుగు చిన్న రంధ్రాలంతే," అన్నాడు సర్జన్. అలాగే అయింది. తీసిన గాల్‌బ్లాడర్‌ను బయాప్సీకి పంపామని, వారానికి కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు రిపోర్ట్ తెచ్చి చూపించమని డిశ్చార్జి కాగితంలో రాశారు.

నేను వెళ్లలేదు. మదీనాగూడ నుంచి ఆ ట్రాఫిక్‌లో ఎవరు పోతారని మా గల్లీలోని ఆర్‌ఎంపీ దగ్గరే కుట్లు విప్పించుకున్నాను. మా దగ్గర అందరూ చేసే పనే అది. "మంచిగ మానింది పెద్దమ్మా, ఇగ ఫికర్ లేదు," అన్నాడతను. ల్యాబ్ వాళ్లు ఫోన్లు కూడా చేశారట. తెలియని నంబరు కనబడితే చాలు, ప్లాట్లు అమ్మేవాళ్లని కట్ చేసే మహాతల్లిని నేను. ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లలకు "ప్రశ్న మొత్తం చదవండ్రా" అని చెప్పి, నా కాగితం నేనే చదవలేదు.

నెల దాటాక అదే నంబరు మోగితే సునీత ఎత్తింది. మర్నాడే వెళ్లి రిపోర్ట్ తెచ్చింది. ఇద్దరం సర్జన్ దగ్గరికి పరుగెత్తాం.

"గాల్‌బ్లాడర్ గోడలో క్యాన్సర్ ఉందండి. స్కాన్‌లో కనబడలేదు. పక్కనున్న లివర్ కొంచెం, దగ్గర్లోని లింఫ్ నోడ్స్ అనే చిన్న గ్రంథులు తీయాలి. ఇంక ఆలస్యం చేయొద్దు," అన్నాడాయన.

నాకు చావంటే కాదు, మళ్లీ కోత అంటే భయం వేసింది. ఇంటికొచ్చి, "డెబ్బై దాటినయ్ బిడ్డా, నన్ను జర ఇడిసిపెట్టున్రి," అన్నాను.

"కుట్లప్పుడు దవాఖానకు పోవద్దని నువ్వొక్కదానివే అనుకున్నవ్. ఇప్పుడు గూడ నువ్వొక్కదానివేనా? నేనేం కానా నీకు అత్తమ్మా?" అని సునీత భోరుమంది. మా ఇంటికి వచ్చిన పదిహేనేళ్లలో ఆమె ఏడవగా చూడటం అదే మొదలు. సిగ్గేసింది. ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

ఒళ్లంతా చూసే పెట్ స్కాన్‌లో క్యాన్సర్ ఇంకెక్కడా కనబడలేదు. రెండో ఆపరేషన్ మాత్రం పెద్దదే, కడుపు మీద జానెడు కోత. కుట్ల దగ్గర చీము పట్టి ఇంకో పది రోజులు మంచంలోనే ఉన్నాను. తీసిన నోడ్స్‌లో ఒకదానిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయని ఆరు నెలలు కీమో మాత్రలు ఇచ్చారు. అరికాళ్లు ఎర్రబడి, చెప్పులు కూడా వేసుకోలేకపోయాను. డోసు తగ్గించాక నడవగలిగాను.

ఇది జరిగి రెండేళ్లు. పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు తిరుగుతాను, వేపుళ్లు మానేశాను, చెప్పిన రోజుకు స్కాన్‌కు వెళ్తాను.

నేను చెప్పగలిగేది ఒక్కటే. ఒంట్లోంచి ఏది తీసినా సరే, దాని బయాప్సీ రిపోర్ట్ తెచ్చుకుని, ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి.

ఆ కణాలు నోడ్‌లోకి ముందే వెళ్లాయా, నేను పోగొట్టిన నెలలో వెళ్లాయా అని సర్జన్‌ను అడిగాను. "అది చెప్పలేమండి," అన్నాడు. ఆ ప్రశ్న మీకు మిగలకూడదు.