ఏడో తొట్టి చేపలు

మగ్దలేనమ్మకి ఇంట్లో మాట్లాడే మనిషి లేరు. అందుకని చేపలతో మాట్లాడేది. నవ్వేవాళ్లు నవ్వారు, ఆవిడ పట్టించుకుంటేగా! చింతపల్లి కొండవాలులో ఉన్న చిన్న పరిశోధనశాలలో తొట్లు కడగడం, మేత వేయడం ఆవిడ ఉద్యోగం. పొద్దున్నే చలికి వణుకుతూ వచ్చి, ఏడో తొట్టి అద్దానికి చెంప ఆనించి "లెగిసారేటమ్మా?" అని అడిగేది.

ఆ తొట్టిలో వేలెడంత కూడా లేని చారల చేపలు ఐదు. వాటి పుట్టుకలోనే ఒక జన్యువు పనిచేయకుండా చేశారు. దాంతో రోగాన్ని ఎదిరించే కణాలు వాటిలో తయారుకావు. ఆ కణాల తయారీ ఏ దశలో ఆగిపోతోందో, పరిశోధన చేసే జయశ్రీ మేడమ్ ఈ చేపల పిల్లల్లో చూస్తోంది. చేపపిల్లల ఒళ్లు గాజులా ఉంటుంది కదా, మైక్రోస్కోపు కింద లోపలిదంతా కనిపిస్తుంది. "ఇలాంటి లోపంతో పుట్టే పసిపిల్లలూ ఉంటారమ్మా. జలుబు చేసినా తట్టుకోలేరు" అని ఓసారి చెప్పింది.

మగ్దలేనమ్మ కూతురు డాలీ జ్వరం మీద జ్వరం వచ్చి పదకొండు నెలలకే పోయింది. ఎందుకు పోయిందో ఇరవై రెండేళ్లుగా ఎవరూ చెప్పలేదు. మేడమ్ మాట విన్న రోజు నుంచి ఆ ఐదు చేపలూ ఆవిడకి ప్రాణమైపోయాయి.

ఒకసారి వాటిలో ఒకటి నీరసపడింది. శుద్ధిచేసిన నీళ్లు తప్ప ఆ తొట్టిలో చుక్క వేయకూడదు. ఆ సంగతి ఆవిడకి తెలియనిది కాదు. దేవుడి నీళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయని మాత్రం తోచలేదు. చర్చి నుంచి తెచ్చుకున్న తీర్థజలం సీసా మూత తిప్పి, సిలువ గుర్తు వేసుకుని, నాలుగు చుక్కలు చల్లింది. గురువారానికి మూడు చేపలు వెల్లకిలా తేలాయి.

జయశ్రీ ఫిల్టరుని తిట్టింది, తనని తాను తిట్టుకుంది. నోరు మెదపకపోతే గొడవే లేదు. మగ్దలేనమ్మ వల్ల కాలేదు.

"నానే సేసేను మేడమ్. తీర్థం సల్లేను." అసలు మాట ఇంకా గొంతులోనే ఉంది. "మా గుంట డాలీకీ రోజూ ఈ నీళ్లే పెదాలకి రాసీదాన్ని. నానే సంపేసుకున్నానేటి?"

జయశ్రీ కోపం దిగిపోయింది. ఏదో ఒకటి చెప్పి ఆ మనిషిని ఊరడించాలి.

"అయ్యో, అలా అనుకోకండమ్మా. పాపకి ఈ లోపమే ఉందో లేదో మనకి తెలీదు. ఉంటే మాత్రం జబ్బు అంటడానికి నీళ్లే అక్కర్లేదు, ఏదైనా చాలు. మీరు ముద్దు పెట్టుకున్నా చాలు."

ఓదార్పుగానే అంది పాపం. మగ్దలేనమ్మ తలూపింది. డాలీని ఆవిడ చంక దించిందే తక్కువ. ముద్దులకి లెక్కే లేదు.

మర్నాడు వేళకే వచ్చింది. మిగిలిన రెండు చేపలూ అలవాటుగా అద్దం దగ్గరికి వచ్చి ఆగాయి. ఆవిడ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, చేయి చాపినంత దూరం నుంచి మేత వేసింది. ఏమీ మాట్లాడలేదు.