పసుపుకాళ్ళ అడవికోడి

మా బావ వేటకు వెళ్తున్నాడన్న కబురు నాకు మొట్టమొదట చెప్పింది మా బావ కాదు, పక్కింటి వదిన. తంటా అంతా అక్కడే మొదలైంది. ఆ రోజుల్లో నాకు భక్తి ఎంత ఉండేదో కుళ్ళూ అంతే ఉండేది. పొద్దున్నే దీపం పెట్టి ‘అందరినీ చల్లగా చూడు తల్లీ’ అని దణ్ణం పెట్టుకునేదాన్ని. మధ్యాహ్నమయ్యేసరికి ఆ అందరిలోంచి ఒక్కొక్కరినే తీసేసుకుంటూ వచ్చేదాన్ని. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా తాతయ్యే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు (ఆయన పుణ్యమే ఈ నాలుగు ముక్కలు రాయగలగడం). పందొమ్మిదో ఏట మేనమామ కొడుకుతో పెళ్ళయ్యేదాకా రామతీర్థం కొండ కనబడని చోట నేను ఒక్కరోజు కూడా ఉండలేదు. అలాంటిదాన్ని, లైన్‌మేన్ ఉద్యోగం వచ్చిన మా బావ వెంట, సాలూరు దాటి ఘాటీ ఎక్కి, నలభై గడపలున్న కొండ ఊళ్ళో కాపురానికి దిగాను.

వదిన అంటే సొంత వదిన కాదు. పక్కింటాయన్ని మా బావ ‘అన్నా’ అన్నాడు కాబట్టి ఆవిడ వదిన అయింది, నేను మాత్రం ‘అక్కా’ అనేదాన్ని. నలభై ఏళ్ళ మనిషి. రోజంతా అడ్డాకులతో విస్తళ్ళు కుడుతూ, వీధి చివరిదాకా వినబడేలా నవ్వేది. ‘వదిన సోడంబలి తాగినావేటే? అమృతం!’ అని మా బావ ఇంటికొచ్చి నాతోనే అనేవాడు (సోడంబలంటే రాగి అంబలే). ‘వదిన పనసగింజల కూర నేర్చుకోవే’ అనేవాడు. నేను చేసిన చారు తాగి మాత్రం ‘బాగున్నాది’ అని ఊరుకునేవాడు. ఆ ‘బాగున్నాది’ని నేను రోజంతా తూకం వేసుకునేదాన్ని. ఎటు తిప్పి తూచినా అమృతానికి తక్కువే తూగేది.

ఆ చైత్రమాసంలో ఇటుకల పండగ వచ్చింది. కొండ ఊళ్ళలో ఆ పండగకు మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్తారు. వట్టి చేతులతో తిరిగొచ్చినవాడి నెత్తిన ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు పేడనీళ్ళు గుమ్మరిస్తారు. వదిన ఒళ్ళో ఆకుల కట్టతో మా గుమ్మంలో చతికిలబడి అంది: “పిల్లా, రేపు మీ ఆయన మావోళ్ళతో ఏటకొస్తన్నాడు. నీకు సెప్పలేదేటి?”

“ఎందుకు చెప్పలేదక్కా, నిన్ననే చెప్పాడు” అనేశాను. (సాయంత్రం దీపం దగ్గర చెంపలు వేసుకున్నాను.)

బావ రాగానే పట్టుకున్నాను. “నాకంటే ముందు ఆవిడకెందుకు చెప్పావు?”

“ఓసి నీ కుళ్ళు కూలా, ఆవిడ మొగుడే కదే నన్ను రమ్మన్నాడు! సూస్తుండు, కణుజు దుప్పిని తెచ్చీస్తాను. కొమ్ములు గోడకి తగిలించుకుందాం.”

బావ వెంట వచ్చి అరుగు మీద కూర్చున్న ఊరిపెద్ద నోట్లో చుట్ట తీసి మరీ నవ్వాడు. “కణుజా? నా పెళ్ళినాడు సూసినాను బాబూ. కనబడినా దాని మీద సెయ్యేస్తే జైలే. ఇప్పుడు ఏటకెళ్ళడమంటే కొండంతా తిరిగొచ్చీడమే.”

మా బావ గురి సంగతి నాకు తెలుసు. రాయి విసిరితే మామిడికాయ కాదు కదా, మామిడిచెట్టుకే తగిలేది కాదు. అయినా నా బెంగ పేడనీళ్ళ గురించి కాదు. ఆ నీళ్ళు పోసే హక్కు వదినలకు, మరదళ్ళకు ముందుంటుందట. పెళ్ళానిది ఆఖరి వంతు! మా బావ నెత్తిన పేడనీళ్ళు పోయడానికి కూడా నాకంటే ఆవిడే ముందా? ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇక్కడ మా ఎర్రపుంజు సంగతి చెప్పాలి. పుట్టింటినుంచి బుట్టలో పెట్టి తెచ్చుకున్నాను. మా బావ రోజూ కరెంటు స్తంభాలెక్కి దిగే మనిషి కదా, ఏడాదిపాటు ఏ ఆపదా లేకుండా గడిస్తే పైడితల్లమ్మకు అప్పజెప్పుతానని మొక్కుకుని దాని కాలికి పసుపుతాడు కట్టాను. మొక్కు బయటికి చెప్పకూడదని మా అమ్మమ్మ మాట. అందుకని బావకు కూడా చెప్పలేదు. గంప కింద దాన్ని చూసినప్పుడల్లా నా పసుపుకుంకుమలే అక్కడ నూకలు తింటున్నట్టు ఉండేది.

మర్నాడు మగవాళ్ళు చీకటితోనే వెళ్ళారు. ఎండ వాలేసరికి ఆడవాళ్ళమంతా బకెట్లతో ఊరి మొదట నిలబడ్డాం. వచ్చినవాడల్లా వట్టి చేతులే. వదిన తన వంతు రాగానే మొగుణ్ణి నిలువునా తడిపి, “ఏటి మావా, పులి నిన్ను సూసి పారిపోనాదా?” అంటే ఊరంతా గొల్లుమంది. అందరి తరవాత, అందరూ వచ్చిన దారిన కాకుండా మా ఇళ్ళ వెనకనుంచి మా బావ వచ్చాడు. చేతిలో కోడి!

“అడివికోడి! ఉత్త సేతుల్తో పట్టీసినాను!”

నేను పొంగిపోయాను. వదిన వైపు ఒక చూపు కూడా విసిరాను. అంతలో ఆ అడవికోడి నన్ను చూసి, మెడ చాచి, ‘కొక్కొక్కొ’ అంది. రోజూ నూకల వేళకు నన్ను పిలిచే పిలుపు అది. బావ పిడికిట్లోంచి పసుపుతాడు కొస వేలాడుతోంది.

మా ఎర్రపుంజే! చెబితే అంత మందిలో మొగుడి పరువు పోతుంది. చెప్పకపోతే మొగుడి ప్రాణానికి కట్టిన మొక్కు కూరైపోతుంది. ఎటూ తేల్చుకునేలోగానే ఊరిపెద్ద కత్తి తెమ్మన్నాడు. అప్పుడు వదిన గద్దలా వచ్చి పడింది. “ఆగండెహె! కొత్త ఏటగాడి మొదటి కోడి వదినది. మన ఊరి రూలు మర్సిపోనారా?”

ఊరంతా ఒక్క క్షణం ఒకరి మొహాలొకరు చూసుకుని, “అవునవును, వదినదే” అంది. మా బావ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ నా మొక్కుకోడిని ఆవిడ చేతిలో పెట్టాడు. నా చేతిలో బకెట్ ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మొత్తం కుమ్మరించేశాను.

“గెలిసినోడికి కూడానా!” అన్నాడు ఊరిపెద్ద బిత్తరపోయి.

“కొత్త పెళ్ళాం కదా, దానికేటి తెలుసు!” అంటూ వదిన కోడిని పైటకింద దాచుకుని ఇంటికి పోయింది.

నూతి దగ్గర ఒళ్ళు కడుక్కుంటూ మా బావ నన్ను మంచి చేసుకోబోయాడు. “కణుజు నిజంగానే ఎదురుపడ్డాదే! ఈ సెట్టుకీ ఆ సెట్టుకీ ఉన్నంత దూరం. దాని కళ్ళు అచ్చం నీ కళ్ళే. అలా సూస్తా ఉండిపోనాను. విల్లు జారిపోనాది.”

“ఎంతసేపు చూశావు?”

“సానాసేపు.”

“ఆడదా, మగదా?”

బావ చెంబు పట్టుకుని ఆలోచించాడు. “కొమ్ముల్లేవు... ఆడదే అనుకుంటాను.”

నేను చెంబు లాక్కుని లోపలికి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఊరంతా అడ్డాకుల్లో భోజనాలు. నాకు శనివారం ఉపవాసమని చెప్పాను. (ఆ రోజు మంగళవారం. ఎవరూ అడగలేదు.) మా బావ మూడుసార్లు కూర వేయించుకుని, “అడివికోడి రుసే వేరు వదినా!” అన్నాడు. ఆయన నములుతున్న ప్రతి ముక్కకీ నా గుండె ముక్కలవుతోంది. తన ఆయుష్షును తనే తినేస్తున్నాడు పిచ్చిమనిషి! వడ్డిస్తున్న వదినను చూసి, దేవుడు క్షమించుగాక, ఆవిడ విస్తరాకులన్నీ చిల్లులు పడాలని కోరుకున్నాను.

తెల్లవారుతూనే మా పెరట్లో కోడి కూసింది. పరుగెత్తాను. గంప కింద ఎర్రపుంజు! కాలికి తాడుంది. నా నూలుతాడు కాదు. అడ్డతీగ నార పేని, పసుపు రాసి, నాకు రాని ముడి వేసి కట్టిన తాడు. నా వెనకే మా బావ వచ్చి కొయ్యబారిపోయాడు.

“ఏటే... మన పుంజు... ఉన్నాదా?”

“ఎందుకుండదు? ఎక్కడికి పోతాది?”

అడిగితే తన దొంగతనం బయటపడుతుంది కదా, పాపం నోరు మూసుకున్నాడు. గుడి అంటే నవ్వే మనిషి అప్పటినుంచి ఏ మంగళవారమూ గుడి మానలేదు.

వదిన గుమ్మంలోకి వెళ్ళాను. ఆవిడ కోళ్ళగంప బోర్లా పడి ఉంది, ఖాళీగా. “నల్లపెట్ట ఏదక్కా?”

“ఏటకెళ్ళినాది” అంది ఆకుల్లోంచి తలెత్తకుండా.

నాకు ఏడుపొచ్చింది. ఇలాంటి రూలు అసలు ఉందా అని అడిగాను. “నిన్ననే పుట్టినాది” అంది. మరి ఊరికి తెలియలేదా అంటే వదిన నవ్వు వీధి చివరిదాకా వెళ్ళింది. “అడివికోడికి నల్లకాళ్ళుంటాయి పిల్లా! పసుపుకాళ్ళ కోడిని సూసి మా పాలు తాగే పిల్లలు కూడా పోల్చీగలరు. మా కొంపల్లో దీపం కోసం మీ ఆయన స్తంభాలెక్కుతాడు. ఒక్క కోడికాడ ఆయన పరువు తీసీగలమేటి?”

“మొక్కు సంగతి నీకెవరు చెప్పారక్కా?”

“స్తంభాలెక్కేవోడి పెళ్ళాం పుంజుకాలికి పసుపుతాడు కట్టినాదంటే, దేనికో అడగాలేటి?”

గుడ్లు పెట్టే పెట్టను కోసిన చెయ్యి అది. నేను చిల్లులు కోరిన ఆకులు కుడుతోంది. ఆ చేతిని కళ్ళకద్దుకుంటే, “ఎహె, పుల్ల గుచ్చుకుంటాది” అని లాక్కుంది.

ఏడాది నిండాక పుంజును అమ్మవారికి అప్పజెప్పాం. తరవాత కిందకు బదిలీ అయింది. మా బావ జుట్టు నెరిసింది గానీ, అడవికోడిని ఉత్త చేతులతో పట్టిన కథ మాత్రం ఏటేటా బలుస్తోంది. నేను చారు వడ్డిస్తూ వింటాను. ఇది చదివితే మాత్రం ఏమంటాడో చూడాలి. అంత చిన్న గుండెలో అంత కుళ్ళు ఎలా పట్టిందో అని ఆనాటి నన్ను తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. మీకొక్క మనవి. ఈ సాయంత్రం ఇంట్లో లైటు వేసినప్పుడు ఆ వదినను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు, ‘లైన్‌మేన్ గారి వదిన’ అంటే చాలు. కానీ ఆ అంబలి అమృతమని మాత్రం మా బావ ఎదురుగా అనకండి. అది నాకు ఇప్పటికీ పడదు.