సోడా గాలి తాగిన ఆకులు

ఎనభైల మొదట్లో నేను ఎమ్మిగనూరులో సైన్సు అయ్యవారిని. సైన్సు చెప్పడం వచ్చు గానీ చేయడం రాదన్న సంగతి ఊరికి తెలియకుండా నెట్టుకొస్తున్న రోజులవి. పక్కింటాయన నేతగాడు. ఆ ఏడు మగ్గం విప్పి మూలకు చేర్చి, ఆ చోట పట్టుపురుగుల తట్టలు పేర్చాడు. ఈ మొదటి పంట పోతే మళ్లీ మగ్గం బిగించే స్తోమత కూడా లేదని ఆయన భార్య మా ఇంట్లో చెప్పి బాధపడింది.

సాయం చేద్దామనుకోవడమే నా తప్పు. చెట్లకు బొగ్గుపులుసు వాయువే తిండి అని రోజూ చెప్పే పాఠమే. పులుసు ఎక్కువైతే భోజనం ఎక్కువ సాగుతుంది గదా అనుకున్నాను. మా పెరటి మల్బరీ చెట్లకు ప్లాస్టిక్ పట్టాతో గుడారం వేసి, ప్రతి పొద్దునా గోలీసోడా అంగడిలో బడి ఫుట్‌బాల్ బ్లాడర్ నిండా గ్యాసు పట్టించుకొచ్చి అందులో వదిలేవాణ్ని. ఎందుకని అంగడాయన మొదట్లో అడిగేవాడు. తర్వాత జాలిపడి మానేశాడు.

నెల తిరిగేసరికి ఆకులు అప్పడాలంత అయ్యాయి. పక్కింటాయన మురిసిపోయి ఒక తట్టకు అవే మేపాడు. తీరా మిగతా తట్టల్లో పురుగులు పండి, ఒళ్లు పసుపు తిరిగి, గూడు కట్టడానికి మేత మానే వేళకు ఇవి ఇంకా మేస్తూనే ఉన్నాయి. ఆయన నన్ను పిలిపించి తట్ట చూపించాడు.

"తింటాండాయి, పండవు. రోగమేమో అయ్యవారూ. అన్నిటికీ అంటితే పంటంతా గుంతలోకే."

పట్టుపురుగుల మీద నాకున్న పట్టు ఏపాటిదో అప్పుడు తెలిసింది. ఆయన భార్యే తట్ట ఎత్తి, కింద రాలిన పెంటికలు చూసి తేల్చింది.

"తిన్నదంతా కిందికే పోయినాది. ఆకు లావుగా ఉండాది గానీ సత్తువ ల్యా. గోనెగండ్ల ఆకు ఏసి సూడరాదా."

వాళ్లు ఎప్పుడూ ఆ ఊరి నుంచి తెప్పించే ఆకు అది. వేశారు. ఆ మూడు రోజులూ నేను బడికి దొడ్డిదారిన పోయాను. నాలుగో పొద్దున ఆయన వచ్చి, పురుగులన్నీ పండి గూళ్లు కడుతున్నాయని చెప్పాడు.

"రోగం కాదులే అయ్యవారూ. మీ సైన్సే."

హమ్మయ్య అని ఊపిరి వదిలాను. వదిలిందీ బొగ్గుపులుసు వాయువే.

లోకం గాలిలోనే ఆ వాయువు పెరుగుతోందని, చాలా చెట్లకు ఆకు పెరిగినా సారం తగ్గి పురుగులు మరింత మేస్తాయని ఏళ్ల తర్వాత చదివాను. అంత గుడారం ఎవరు విప్పాలో నాకు తెలియదు. నాదైతే ఆ పొద్దే విప్పేసి, బ్లాడర్ బడికి అప్పజెప్పి, సోడా అంగడికి పోయి సోడా తాగాను.