ఆటోలో ప్లాస్టిక్ తెర

లాక్‌డౌన్ సడలించిన ఆ వేసవిలో నారాయణగూడలో షేర్ ఆటో ఎక్కాను. డ్రైవర్ తన సీటు వెనుక ప్లాస్టిక్ తెరను నాలుగు అంచులా టేపుతో అంటించుకున్నాడు. చిక్కడపల్లి దగ్గర పడగానే నా పక్కనున్న ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి మాస్కును గడ్డం కిందికి లాగి, తెర అంచు పీకి, లోపలికి తల దూర్చి దారి చెప్పాడు. అక్కడే రెండుసార్లు దగ్గాడు కూడా.

డ్రైవర్ ఆటో ఆపాడు. "దిగుండ్రి సార్. ఇంట్ల మా అమ్మకు దమ్ము బీమారున్నది, ఊపిరి సరిగ్గ ఆడదు."

"ఏందయ్యా, నాకేమన్న రోగమున్నదా? పెద్ద డాక్టర్ అయినవ్!" అంటూ దిగిపోయాడు.

చదువుకున్నవాడిలా కనిపించే ఇంతటి నీచుణ్ని ఎన్నడూ చూడలేదనుకున్నాను.

డ్రైవర్ టేపును బొటనవేలితో అదుముతూ అన్నాడు: "మీరు పక్కనే ఉన్నరు గద సార్. ఆయనకు జర చెప్పకపోతిరి?"

గాలి ప్రవాహాలను లెక్కగట్టే ఇంజనీరుని నేను. తెర సందులోంచి ఆ దగ్గు తుంపర ఎంత దూరం పోతుందో తెలిసీ నోరు విప్పలేదు.